ప్రవేశ రిజిస్టరులో అమ్మ చేతిరాత

(2024 అక్టోబరు 2న, హనుమకొండ జిల్లా కమలాపూర్ వైపు ఉన్న ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాల ఆవరణలో జరిగిన సంస్మరణ సభలో కూతురు చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అమ్మతో కలిసి పనిచేసిన సార్లకు, టీచర్లకు, అమ్మ దగ్గర అక్షరాలు దిద్దిన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

ఈ బల్ల మీద దండ వేసిన ఫోటో పక్కన పాత గోనెగుడ్డ అట్ట వేసిన పెద్ద పుస్తకం ఒకటి కనిపిస్తున్నది. అది ఈ బడి ప్రవేశ రిజిస్టరు. ప్రధానోపాధ్యాయుల వారు ఈ ఒక్క పూటకు బీరువాలోంచి తీసి ఇక్కడ పెట్టడానికి ఒప్పుకున్నారు. సభ ముగియగానే దాన్ని తిరిగి బీరువాలో పెట్టి తాళం వేయాలి. అమ్మ గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు, ఆమె ఎంత మంచిదో చెప్పడం నాకు చేతకాదని, ఆమె రాసిన రాత గురించి అయితే చెప్పగలనని అన్నాను. అందుకే ఈ పుస్తకాన్ని తెప్పించాను.

ఈ రిజిస్టరులో వరుస సంఖ్య, బడిలో చేరిన తేదీ, పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, పుట్టుమచ్చలు, చివరన టి.సి. తీసుకున్న తేదీ ఉంటాయి. వీటిలో పుట్టిన తేదీ గడి ఎంత బరువైనదో ఈ సభలో ఉన్న ఉద్యోగులకు నేను చెప్పనక్కరలేదు. ఆస్పత్రి కాన్పులు, జనన ధ్రువపత్రాలు లేని రోజుల్లో ఒక మనిషి ఎప్పుడు పుట్టాడన్నది బడిలో పంతులు రాసిన దాన్ని బట్టే ఖాయమయ్యేది. ఉద్యోగానికి అదే ఆధారం, పదవీ విరమణకు అదే ఆధారం, పింఛనుకు అదే ఆధారం.

ఆ తేదీ ఎలా పుట్టేదో పెద్దవాళ్ళకు తెలుసు. పిల్లవాణ్ణి నిలబెట్టి, కుడి చేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని అందుకోమనేవారు. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రావలసిందే. అందినవాడికి ఏ జూన్ ఒకటో తేదీనో, ఏ జూలై ఒకటో తేదీనో రాసి పడేసేవారు. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి లెక్క తేలిక. మన వైపు ఒక వయసు దాటినవాళ్ళలో సగం మంది ఎండాకాలం చివరన, వానాకాలం మొదట్లోనే పుట్టినట్టు కాగితాల్లో ఎందుకు కనబడుతుందో, ప్రతి ఏటా జూన్ 30న కార్యాలయాల్లో అన్ని వీడ్కోలు సభలు ఎందుకు జరుగుతాయో దీన్ని బట్టి అర్థమవుతుంది.

అమ్మ 1962లో ఉద్యోగంలో చేరింది. నేను ఈ పుస్తకంలో ఆమె చేతిరాత మొదలైన పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశాను. జూలై ఒకటో తేదీలు ఆమె రాతలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. చెవి అందుకునే పరీక్ష ఆమె కూడా పెట్టేది, కాని అది పిల్లవాణ్ణి నవ్వించడానికే. అసలు పరీక్ష తల్లికి, లేకపోతే నాయనమ్మకు.

"పొల్ల ఎప్పుడు పుట్టిందమ్మా?"

"నాకేమెరుక పంతులమ్మా, పుట్టుడైతే పుట్టింది."

"వానలు పడుతున్నయా, కోతలా?"

"నాట్లయినంక."

"ఏ ఏడు?"

"జాతరకు పోయినప్పుడు కడుపుల ఉన్నది."

అమ్మకు ఇంత దొరికితే చాలు. మేడారం జాతర రెండేళ్ళకోసారి, మాఘ శుద్ధ పౌర్ణమి ప్రాంతంలో జరుగుతుంది కాబట్టి ఏ జాతరో తేలితే ఏడాది తేలుతుంది; నాట్లంటే శ్రావణమా, భాద్రపదమా అన్నది ఆ ఏటి వానలను బట్టి తేలుతుంది; ఆ తర్వాత అమావాస్య ముందా వెనుకా, అంగడి నాడా కాదా అని అడుగుతూ పోతే వారం దాకా వచ్చేది. మా ఇంట్లో అటక మీద పాత పంచాంగాల కట్ట ఒకటి ఉండేది. వాటిని చింపనిచ్చేది కాదు. పెళ్ళి ముహూర్తాల కోసం దాచుకుంటున్నదని చుట్టాలు అనుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం ఆమె వాటిని ముందు వేసుకుని, కొత్తగా చేరిన పిల్లల తిథులను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చుకునేది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూసిన నెల, డెబ్బైరెండు కరువు, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని మన పల్లెల్లో మేకలను, కోళ్ళను కోసుకు తిన్న 1979 జూలై, ఇవన్నీ ఆమె లెక్కల పుస్తకంలో మైలురాళ్ళు. "స్కైలాబ్ నాటికి పారాడుతున్నడు" అని ఒక తల్లి చెబితే, ఆ పిల్లవాడు ఆ ఏడు జూలై నాటికి ఎనిమిది తొమ్మిది నెలల వాడని ఆమె అక్కడికక్కడే వేళ్ళు మడిచి చెప్పేది.

ఈ పేజీలను వెలుతురుకు పట్టి చూస్తే తండ్రి పేరు పక్కన పెన్సిలుతో సన్నగా రాసిన మరో పేరు కనిపిస్తుంది. అది తల్లి పేరు. ఆ రోజుల్లో తల్లి పేరుకు గడి లేదు. ఎందుకు రాశావని నేను ఒకసారి అడిగితే, "తేదీ చెప్పింది ఆమె గదనే, సాక్షి పేరు లేకపోతె ఎట్ల" అన్నది. ఆ మాటలో వాదం కాని, ఆవేశం కాని ఏమీ లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఇంత జాగ్రత్త ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కొంత వెనక్కి వెళ్ళాలి. మా తాతయ్య వరంగల్ ఆజంజాహి మిల్లులో కార్మికుడు. 1934లో పెట్టిన ఆ మిల్లు చుట్టూ ఒక ఊరే పెరిగింది. అమ్మ బాల్యమంతా ఆ మిల్లు కూతల లెక్కన గడిచింది. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది కూడా ఉర్దూ మాధ్యమంతోనే. తాతయ్యకు చదువు లేదు కాని ఉర్దూలో సంతకం మాత్రం వచ్చు. అది అక్షరాలుగా వచ్చింది కాదు, ఒక బొమ్మగా చేతికి అలవాటైంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసినప్పుడు అమ్మకు ఆరేళ్ళు. మరుసటి ఏడు ఆమెను తెలుగు బడిలో వేశారు. పలక మీద నేర్చుకున్న అక్షరాలను సాయంత్రం తాతయ్య చేత దిద్దించడం ఆమెకు ఆట. అట్లా ఆమె మొదటి విద్యార్థి ఆమె తండ్రే. ఆయన తన పేరును తెలుగులో రాసుకోగలిగిన రోజున అంతకు ముందు తాను వేస్తూ వచ్చిన ఉర్దూ బొమ్మను దాని పక్కన వేసి, "ఇన్ని రోజులు దీంట్ల నేను ఎక్కడున్ననో నాకు తెల్వదు" అన్నాడట. అమ్మ ఈ మాటను తన జీవితంలో చాలాసార్లు తలచుకున్నది. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. ఒక మిల్లు కార్మికుడు తన కూతుర్ని హెచ్చెస్సీ దాకా చదివించి, ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణకు పంపించాడంటే, దానికి ఆ సాయంత్రపు పలక కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

కాని తాతయ్య ఆమెను బడిలో వేసిన రోజున అక్కడి పంతులు మాత్రం ఆమె పుట్టిన తేదీని 1942 జూలై ఒకటి అని రాశాడు. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

అమ్మ ఈ ఊరికి వచ్చేనాటికి ఇది పంచాయతీ సమితి నడిపే ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, ఒక టీచరు. సమితి జీతాలు ఎప్పుడు వచ్చేవో ఆ రోజుల్లో పనిచేసిన వారికి తెలుసు కాబట్టి ఆ గోడు ఇక్కడ వెళ్ళబోసుకోను. ఐదు తరగతులను ఒక్కరు ఎలా నడిపేవారన్నది మాత్రం ఇప్పటి యువ ఉపాధ్యాయులు తప్పక వినాలి. అమ్మ దగ్గర ఒక సూత్రం ఉండేది: ఒక వేళలో ఒక తరగతికే నోరు, ఒక తరగతికే కన్ను, మిగతా వాళ్ళకు చేతులు. అంటే నాలుగో తరగతి ఎక్కాలు వల్లిస్తుంటే, నల్లబల్ల మీద సుద్దముక్కతో నిలువుగా గీత గీసి మూడో తరగతికి ఒక పక్క పాఠం, ఐదో తరగతికి మరో పక్క లెక్క రాసేది. రెండో తరగతి చింతగింజలతో కూడికలు చేసేది. ఒకటో తరగతి వరండాలో పరిచిన ఇసుకలో వేలితో రాసేది. అరగంటకోసారి నోరు ఒకరి నుంచి మరొకరికి మారేది. శనివారం సాయంత్రం దొండాకు, బొగ్గు నూరి పలకలకు, నల్లబల్లకు రుద్దడం అన్ని తరగతులకూ కలిపి ఒకటే పాఠం.

ఇసుకలో రాయించేటప్పుడు ఆమె పిల్లల వేలు పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది. వేలు పట్టుకుంటే రాత మనది అవుతుందని, మణికట్టు పట్టుకుంటే వాడిదే అవుతుందని చెప్పేది. నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నా మణికట్టు మీద ఆ బొటనవేలు, దాని మీద సుద్దపొడి గరుకు తెలుస్తాయి.

మొదటి పాఠంగా ఆమె 'అ' రాయించేది కాదు. ఎవరి పేరు వాళ్ళకు రాసి ఇచ్చేది. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మన వైపు పేర్లు మన దేవుళ్ళను బట్టి వస్తాయి. ఐలోని మల్లన్నకు మొక్కుకుంటే ఐలయ్య, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటే కొమురయ్య, వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే రాజయ్య, మేడారం పోయివస్తే సమ్మయ్య, సమ్మక్క. ఒకటో తరగతి పిల్లకు సమ్మక్క అన్న పేరు ఎంత కష్టమో ఆలోచించండి. మూడు అక్షరాలు, అందులో రెండు ఒత్తులు. ఐలయ్య సంగతి అడగనక్కరలేదు, వర్ణమాలలో ఎక్కడో వెనుక వచ్చే 'ఐ' వాడికి మొదటి రోజే నెత్తిన పడేది. పుస్తకంలో ఒత్తులు చివరికి గదా వచ్చేది అని తోటి టీచర్లు అంటే, "వాని పేరుల ఉన్నప్పుడు వానికి కష్టమెట్లయితది" అనేది. నిజంగానే ఆమె పిల్లలకు ఒత్తుల భయం ఉండేది కాదు. గుణింతాల్లో మాత్రం కొందరు తడబడేవారని, ఆ పద్ధతికి ఆ లోటు ఉందని నేను తెలుగు పాఠాలు చెప్పే మనిషిగా ఒప్పుకోవాలి.

ఇప్పుడు సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా బడుల్లో జరుపుతున్నారు. ఆ రోజులు రాక చాలా ముందే, పిల్లవాడు 'తొవ్వ' అంటే ముందు 'తొవ్వ' అనే రాయించి, దాని కింద 'దారి' అని రాయించేది అమ్మ. 'మక్కలు' కింద 'మొక్కజొన్న', 'అంగి' కింద 'చొక్కా'. పైమాటను కొట్టివేయనిచ్చేది కాదు.

మరి రాని పిల్లల సంగతి. హాజరు పిలిచి ముగించగానే ఆమె పుస్తకం మూసేది కాదు. పలకని పేర్లను రెండోసారి మెల్లగా, తనకు తాను చదువుకునేది. ఆడపిల్లలు ఎక్కువగా రాకపోవడానికి కారణం చంక పిల్లలు. తల్లి కూలికి పోతే ఎనిమిదేళ్ళ అక్క ఏడాది తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండాలి. అమ్మ ఆ తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నది. గది దూలానికి తన పాత చీరతో ఉయ్యాల కట్టింది. ఒక్కోరోజు రెండు ఉయ్యాలలు కూడా ఊగేవి. ఎక్కాల చదువు వాళ్ళకు జోలపాట. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి దూలం వైపు చూసి ఇది బడా, బాలవాడా అని గద్దించాడు. "ఉయ్యాల విప్పితె రెండో తరగతిల నలుగురు ఆడపిల్లలు ఉండరు సార్. మీరు ఏది రాసుకుంటరో రాసుకోండ్రి" అన్నది అమ్మ. ఆయన ఏం రాసుకున్నాడో గాని ఉయ్యాల మాత్రం ఉండిపోయింది. సరిగ్గా ఇదే తేదీన, 1975 అక్టోబరు 2న, దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే పథకం, మొదలైంది. చాలా ఏళ్ళకు మన ఊరికి కూడా అంగన్‌వాడీ వచ్చిన తర్వాతే ఆ చీరను విప్పారు. ఆ ఉయ్యాలలో పడుకున్నవాళ్ళు ఈ సభలో ఇద్దరు ఉన్నారు, నవ్వుతున్నారు కూడా.

రెండో గది, రెండో టీచరు ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం 1987లో మొదలైన తర్వాతే వచ్చాయి. అప్పటికి పాతికేళ్ళు ఆమె ఒక్కతే.

ఇంటి సంగతి తక్కువ చెబుతాను, ఎందుకంటే మా ఇల్లు కూడా సగం బడే. మా నాన్న నాలుగెకరాల రైతు. నేను ఇంటర్‌లో ఉండగా కాలం చేశాడు. ముగ్గురు పిల్లలను, ఆ నాలుగెకరాలను, ఐదు తరగతులను అమ్మ ఎట్లా మోసిందో మాకు అప్పుడు తెలియదు. తెలియకుండా చూసుకున్నదని ఇప్పుడు తెలుస్తున్నది. మన దగ్గరి ఉప్పల్ స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కి కాజీపేటకు, అక్కడి నుంచి హనుమకొండకు వెళ్ళి నేను హాస్టల్లో చేరినప్పుడు వారానికి ఒక ఇన్‌లాండ్ ఉత్తరం రాసేదాన్ని. జవాబులో సకినాలు పంపుతున్నానని, గేదె ఈనిందని, తమ్ముడికి దగ్గు తగ్గిందని రాసి, చివరి మడత మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం తప్పకుండా ఉండేది: "నీ లేఖలో మూడు తప్పులు దొర్లినవి, ఒక్కొక్కటి ఐదుసార్లు రాసి పంపుము." నేను కోపంతో పంపేదాన్ని. హాస్టల్లో స్నేహితురాళ్ళు నవ్వేవారు. ఒక వారం తప్పులేమీ లేకుండా రాశాను. జవాబులో ఎర్ర సిరా లేదు, నాకు ఎందుకో ఆ ఉత్తరం సగం వచ్చినట్టు అనిపించింది. మరుసటి వారం కావాలనే ఒక ఒత్తు వదిలేశాను.

ఇక నాకు ఆమె మీద ఉన్న పెద్ద కోపం గురించి చెప్పాలి. నేను పుట్టింది 1967 ఫిబ్రవరిలో, మాఘమాసంలో. ఆ సంవత్సరం పేరు పరాభవ. ఐదేళ్ళకు నన్ను బడిలో వేసేటప్పుడు మా నాన్న అమ్మతో ఒక మాటన్నాడు: అందరూ చేస్తున్నదే, ఒక ఏడు తగ్గించి రాయి, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. అమ్మ రాయలేదు. ఇదిగో, ఈ పేజీలో ఉన్నది నా పేరు, తేదీ అంకెల్లో, అక్షరాల్లో, ఎక్కడా కొట్టివేత లేదు. పెన్సిలుతో తల్లి పేరు కూడా ఉంది. అంటే తన సాక్ష్యం తానే రాసుకున్నది.

పీజీ అయిన తర్వాత నేను ఒక ఉద్యోగ పరీక్షకు రెండేళ్ళు కష్టపడి చదివాను. ప్రకటన ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి నేను వయోపరిమితిని నాలుగు నెలల పైచిలుకు దాటిపోయాను. నాతో చదివిన అమ్మాయి, నిజానికి నాకంటే ఆరు నెలలు పెద్దది, కాగితం మీద ఏడాదిన్నర చిన్నది, పరీక్ష రాసింది, ఎంపికైంది. నేను సెలవుల్లో ఇంటికి వచ్చి, పంచాంగాల కట్టను అటక మీద నుంచి దించి అమ్మ ముందు పడేసి, సంవత్సరం పేరు పరాభవ అని నువ్వే గదా లెక్క కట్టి చెప్పింది, ఇదిగో అయింది పరాభవం అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. చెదిరిన పంచాంగాలను వరుసలో పెట్టి, దారంతో మళ్ళీ కట్టింది. నేను లెక్చరరుగా కుదురుకున్న తర్వాత కూడా ఆ కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు.

అది పోయింది, పత్తి వల్ల. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకాన్ని మొదలుపెట్టింది. అప్పుడు వండి పెట్టడం లేదు. బడికి వచ్చే పిల్లకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. దానికి ఒక షరతు ఉంది, హాజరు నూటికి ఎనభై ఉండాలి. మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో కార్తీకం నుంచి పుష్యం దాకా పత్తి ఏరుతారు. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ రెండు మూడు నెలలు చేనులోనే. ఏ ఇంట్లో ఆకలి ఎక్కువో ఆ ఇంటి పిల్లే పత్తికి పోతుంది. పత్తికి పోయిన పిల్ల హాజరు ఎనభైకి చేరదు. చేరకపోతే బియ్యం రావు. 1997లో ఆరంభమైన ఆ కాలాన్ని ఈ నేల మీద ఎవరూ మరచిపోలేరు. పురుగు పడి పత్తి పోయింది, మందుల అప్పులు మిగిలాయి, వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. పగిలిన కాయల్లో మిగిలిన ఆ కాస్త పత్తిని ఏరడానికి కూలి పెట్టే శక్తి లేక ఇంటి పిల్లలనే చేనుకు తీసుకుపోయారు.

కొన్నిచోట్ల టీచర్లు దయతో రాని పిల్లలకు కూడా హాజరు వేసేవారు. వారిని నేను తప్పు పట్టను. అమ్మకు అప్పుడు విరమణకు రెండేళ్ళుంది, మోకాళ్ళు పట్టేశాయి. ఆమె పొద్దున ఆరింటికి బడి తాళం తీసేది. చేనుకు పోయే పిల్లలు సద్ది గిన్నెతోనే వచ్చి గంటన్నర కూర్చుని, అక్కడి నుంచి అటే చేనుకు పోయేవారు. చీకటి పడ్డాక వచ్చి లాంతరు చుట్టూ మరో గంట. వేళ్ళకు పత్తికాయ గీతలు పడి కొందరు బలపం పట్టలేకపోతే వాళ్ళకు ఆ పూట నోటి లెక్కలు. పొద్దున ఒక పూట, మాపున ఒక పూట, హాజరు పట్టీలో రెండు పూటల గడులున్నాయి కదా, ఆ రెండూ నిండేవి. తొమ్మిదిన్నరకు మామూలు బడి మామూలుగానే నడిచేది.

నిబంధనల ప్రకారం చూస్తే అది తప్పే. బడి వేళలు ఉపాధ్యాయురాలు తన ఇష్టానికి మార్చుకోకూడదు. సంక్రాంతికి ఇంటికి వచ్చి ఇదంతా చూసిన నాకు పాత గాయం మళ్ళీ లేచింది. వాళ్ళ కోసం రూలు వంచినదానివి, నా కోసం ఒక్క అంకె వంచలేకపోయావా అని అడిగాను. ఆమె సర్వపిండికి బియ్యప్పిండి కలుపుతున్నది. చేతికి అంటిన పిండిని గిన్నె అంచుకు రాస్తూ నా వైపు చూడకుండానే అన్నది:

"టైము మార్చిన బిడ్డా, రాత మార్చలే. పిల్ల వచ్చింది, చదివింది, వచ్చిందని రాసిన."

కొంచెం ఆగి, "నువ్వు ఫిబ్రవరిల పుట్టినవు, ఆ నొప్పులు నాకెరుక. అది గూడ అబద్ధమని రాయమంటె ఎట్ల?" అన్నది.

నేను దానికి జవాబు చెప్పలేదు. సర్వపిండికి నూనె తెచ్చి ఇచ్చాను.

ఆమె 2000 జూన్ 30న పదవీ విరమణ చేసింది. కాగితం ప్రకారం పుట్టింది జూలై ఒకటిన కాబట్టి, నెల మొదటి రోజున పుట్టినవారు అంతకు ముందు నెల చివరి రోజునే దిగిపోవాలన్న నియమం ప్రకారం అదే ఆమె చివరి రోజు. అసలు ఆమె పుట్టింది చిత్రభాను నామ సంవత్సరం భాద్రపద అమావాస్య నాడు, అంటే పెత్తరమాస, ఎంగిలిపూల బతుకమ్మ రోజు. అమ్మమ్మ తంగేడు పూలు తెంపుకుని వస్తుంటే నొప్పులు మొదలయ్యాయట. ఈ లెక్క ప్రకారం ఆమెకు ఉద్యోగంలో ఇంకా మూడు నెలల పైన మిగిలి ఉంది. ఊరందరి తేదీలు నిలబెట్టిన దానివి, నీ తేదీ ఎందుకు సరిచేయించుకోలేదని తోటి టీచరు ఒకామె అడిగారు. "దానికి సాక్షి మా అమ్మ. ఆమెను ఆనాడు ఎవరూ అడగలేదు, ఇప్పుడు ఆమె లేదు" అని వీడ్కోలు దండ తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజు హాజరు పట్టీని పూర్తి చేసి సంతకం పెట్టింది.

ఆ తర్వాత కూడా ఆమె బడి వైపు రావడం మానలేదు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు వేలిముద్ర మానుకుని సంతకం నేర్చుకోవాలని వస్తే, వాళ్ళకు కూడా మణికట్టు పట్టుకునే నేర్పింది. 2003 జనవరిలో బడిలో వండి పెట్టడం మొదలైనప్పుడు మొదటి రోజు వచ్చి, పిల్లల వరుస పక్కన నిలబడి, ఎవరు రాలేదని అడిగిందని అప్పటి సార్ ఇందాకే నాతో చెప్పారు. గత ఏడాది ఆమె వెళ్ళిపోయింది. జబ్బు గురించి, ఆస్పత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. చివరి వారంలో మనుషులను గుర్తుపట్టలేదు కాని, మంచం పక్కన కూర్చున్నవాళ్ళ ముంజేతులను మాత్రం పట్టుకునేది.

ఈ సభను ఆమె కాగితాల పుట్టినరోజైన జూలై ఒకటిన పెడదామని ముందు అనుకున్నారు. నేనే ఈ రోజును అడిగాను. ఇవాళ గాంధీ జయంతి కాబట్టి బడికి సెలవు, పెత్తరమాస కాబట్టి అందరూ ఊళ్ళోనే ఉంటారన్నది ఒక కారణం. రెండోది మీకు ఇప్పుడు తెలుసు. ఈ రిజిస్టరులో ఉపాధ్యాయుల వివరాలకు చోటు లేదు, అందుకని నేను దీంట్లో చేయకూడని పని ఏదీ చేయలేదు. ఇంటి దగ్గర ఆమె చివరిగా చూసుకున్న పంచాంగం అట్ట లోపల పెన్సిలుతో, ఆ తిథి పక్కన మా అమ్మమ్మ పేరు రాసి పెట్టాను.

ఆడవాళ్ళు లేచి చూస్తున్నారు, పూలు వాడిపోతున్నాయి, బతుకమ్మలు పేర్చుకోవాలి. గునుగు పూలకు రంగులు అద్దడం ఇంకా కాలేదని మా మేనకోడలు సైగ చేస్తున్నది. ఈ పుస్తకంలో తమ తేదీని చూసుకోదలచినవాళ్ళు రండి. చేతులు తుడుచుకుని, పేజీని కింది మూల పట్టుకుని తిప్పండి, పైమూలలు చిరిగిపోతున్నాయి. పెన్సిలు రాతల మీద వేలు పెట్టవద్దు. నమస్కారం.